నీటికి రంగు లేదు
(ప్లాటినం ఉత్సవాల విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ పల్లెల నుండి ఈ షోలాపూరుకు తరలివచ్చిన మన పెద్దలు, తమ బిడ్డలు తల్లిభాషలోనే చదువుకోవాలన్న సంకల్పంతో ఈ పాఠశాలను నెలకొల్పి డెబ్బది అయిదు సంవత్సరాలు నిండినవి. ఇటువంటి సందర్భంలో ప్రధానోపాధ్యాయిని పాఠశాల చరిత్రను వినిపించడం ఆనవాయితీ. ఆ చరిత్రను నాకంటె బాగా ఎరిగిన పెద్దలు ఉత్సవ సంచికలో వ్రాసియున్నారు. కనుక కార్యవర్గం వారి అనుమతితో నేడు నేనొక శాస్త్ర విషయాన్ని గురించి మాట్లాడదలచినాను. ఎండ సాయంతో నీటిని విడదీసి ఇంధనాన్ని తయారుచేయడం ఆ విషయం. దీనిని ఎన్నుకొనడానికి కారణం నా పాండిత్యం కాదు. నేను తీర్చవలసిన ఒక బాకీ.

అది 1998వ సంవత్సరం. నేను ఎనిమిదవ తరగతికి సామాన్య శాస్త్రం బోధిస్తున్నాను. ఆనాటి పాఠం నీటి విద్యుద్విశ్లేషణ. పాత టార్చి సెల్లుల నుండి తీసిన రెండు కర్బన కడ్డీలు, ఒక గాజు గ్లాసు, నీటిలో చిటికెడు వంటసోడా, మూడు కొత్త సెల్లులు, కొంత తీగ. ఇవే మా సామగ్రి. కడ్డీల చుట్టూ బుడగలు లేవగానే పిల్లలందరూ బల్లల మీదుగా ముందుకు వంగినారు. వెనుక వరుసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి నిలబడినది. ఆమె తండ్రి నూలుకు రంగులద్దే కార్ఖానాలో పనిచేసేవాడు; తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ అమ్మాయి అడిగిన మాటలు నాకు నేటికీ జ్ఞాపకమే.

"టీచర్, ఎండలో ఎక్కువసేపు ఉంటే నూలుకు రంగు వెలిసిపోతదని మా నాయిన అంటాడు. రంగును విరగ్గొట్టే బలం ఎండకు ఉన్నప్పుడు నీళ్ళను కూడా విరగ్గొట్టాలి కద? మరి ఎందుకు విరగ్గొట్టదు?"

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పే ధైర్యమూ ఆనాడు లేదు. "ఎండకు నీళ్ళు ఆవిరవుతాయి, అంతే. పాఠంలో లేనివి అడిగి తరగతి సమయం పాడు చేయకు, కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చున్నది. ఆ సంవత్సరమంతా మరొక ప్రశ్న అడగలేదు.

కొన్నేండ్ల తరువాత ఉపాధ్యాయుల శిక్షణా తరగతులలో ఒక ఉపన్యాసం వింటున్నప్పుడు నాకు తెలిసివచ్చినది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్ననే గొప్ప గొప్ప శాస్త్రజ్ఞులు అడిగినారు. దానికి మొదటి గట్టి సమాధానం 1972లోనే అచ్చయినది. అంటే నేను ఆమెను కూర్చోబెట్టిన నాటికి ఇరువది ఆరేండ్ల ముందే!

గత సంవత్సరం ఆమె మన కార్యాలయానికి వచ్చినది, కుమారుని టి.సి. కోసం. "ఇక్కడ చదివితే పై తరగతుల్లో సైన్సు అందదేమో టీచర్, ఇంగ్లీషు మీడియంలో వేద్దామనుకుంటున్నాం" అన్నది. ఆనాటి సంగతి నేనే ఎత్తి, నా తప్పు ఒప్పుకున్నాను. "నాకు యాదికి లేదు టీచర్" అని నవ్వి, టి.సి. తీసుకొని వెళ్ళినది. తల్లిగా ఆమె భయాన్ని నేను తప్పుపట్టను. కాని ఆమెకు చెందవలసిన జవాబు నా వద్దనే ఉండిపోయినది. దానిని నేడు, ఆమె అడిగిన భాషలోనే, మీ అందరి సమక్షంలో అప్పగిస్తున్నాను.

ముందుగా నీరు అంటే ఏమిటో చూద్దాం. పెద్దలు ఉదజని అని చదువుకున్న వాయువునే నేటి పిల్లలు హైడ్రోజన్ అంటున్నారు. రెండు మాటలకూ అర్థమొక్కటే, నీటిని పుట్టించేది అని. ఒక కిలో హైడ్రోజన్ ఎనిమిది కిలోల ఆక్సిజన్‌తో కలిసి మండితే తొమ్మిది కిలోల నీరు ఏర్పడుతుంది. పొగ లేదు, బూడిద లేదు. అంటే నీరు కాలిపోయిన హైడ్రోజన్. కాలినప్పుడు ఎంత శక్తి బయటకు వచ్చినదో, నీటిని తిరిగి రెండుగా విడదీయడానికి అంత శక్తినీ మనం తిరిగి చెల్లించాలి. ప్రకృతిలో అప్పు ఎగవేతలు లేవు. 1800లో ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఆ అప్పును విద్యుత్తుతో చెల్లించినారు. లెక్క ప్రకారం దానికి 1.23 వోల్టులు చాలు. ఆచరణలో కొంత ఎక్కువ పట్టుతుంది.

మరి ఎండకు అంత బలం ఉన్నదా? ఉన్నది. కాంతి చిన్న చిన్న మూటలుగా వస్తుంది. ఆ మూటలను ఫోటాన్లు అంటారు. మన కంటికి కనిపించే కాంతిలో అన్నిటికంటె బలహీనమైన ఎర్రని కాంతి మూటలో కూడా ఈ 1.23కు సరిపోయే దానికంటె ఎక్కువ శక్తి ఉన్నది. కాబట్టి ఆ అమ్మాయి తర్కంలో లోపం లేదు. ఎండకు బలం చాలకపోవడం కారణం కానే కాదు. అట్లయితే సముద్రాలన్నీ ఎండలో ఎందుకు విడిపోవడం లేదు?

దీనికి జవాబు రంగుల కార్ఖానాలోనే ఉన్నది. నీటికి రంగు లేదు.

ఒక వస్తువుకు రంగు ఉన్నదంటే, అది కాంతిలో కొంత భాగాన్ని మింగి, తక్కినది మన కంటికి వదిలివేస్తున్నదని అర్థం. అద్దకపు రంగు కాంతిని మింగుతుంది. అందుకే ఆ కాంతి దెబ్బకు తానే విరిగి వెలిసిపోతుంది. స్వచ్ఛమైన నీరు కంటికి కనిపించే కాంతిని దాదాపు మింగదు. కాంతి దానిలో నుండి దాటిపోతుంది. వాకిట ఆగని చుట్టం చేతి మూట ఎంత పెద్దదైనా ఇంటివారికి ప్రయోజనమేమి? నీటిని నేరుగా విరగ్గొట్టగల తీక్షణమైన అతినీలలోహిత కాంతి నేల మీద మనకు చేరే ఎండలో లేదు.

కనుక నీటికి ఒక మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తికి రంగు ఉండాలి, అంటే కాంతిని మింగగలగాలి. మింగిన శక్తిని వృథా చేయక నీటికి అందించాలి. అంతా అయిన తరువాత తాను వెలిసిపోకుండా నిలవాలి. ఈ మూడు గుణాలూ ఒక్కచోట దొరకకపోవడమే యాభై ఏండ్లకు పైగా శాస్త్రజ్ఞులను వేధిస్తున్న సమస్య.

ఆ మధ్యవర్తులే అర్ధవాహకాలు. రేడియోలోని ట్రాన్సిస్టరులోనూ, ఇంటి కప్పు మీది సౌరఫలకాలలోనూ ఉండేవి ఈ జాతి పదార్థాలే. అర్ధవాహకాన్ని మెట్లు లేని మిద్దె ఇంటితో పోల్చవచ్చు. ఎలక్ట్రాన్లు క్రింది అంతస్తులో కిక్కిరిసి ఉంటాయి. పై అంతస్తు ఖాళీగా ఉంటుంది. నడుమ నిలువడానికి చోటు లేదు. తగినంత శక్తి గల ఒక్క ఫోటాన్ తగిలితే ఎలక్ట్రాన్ ఒక్క దూకుతో పైకి చేరుతుంది. శక్తి చాలని ఫోటాన్లు వేయి తగిలినా కదలదు. పైకి పోయిన ఎలక్ట్రాన్ హైడ్రోజన్‌ను పుట్టించే పనికి పూనుకుంటుంది. క్రింద అది విడిచిపోయిన ఖాళీని రంధ్రం అంటారు. అది నీటి నుండి ఎలక్ట్రాన్‌ను లాగుకొని ఆక్సిజన్‌ను వెలువరిస్తుంది. కాని ఆ ఎలక్ట్రాన్ తొందరగా నీటిని చేరకపోతే తిరిగి తన ఖాళీలోనే పడిపోతుంది. అప్పుడు మింగిన కాంతి అంతా వట్టి వేడిగా మారిపోతుంది.

జపానులోని టోక్యో విశ్వవిద్యాలయంలో హోండా అనే ఆచార్యుని వద్ద ఫుజిషిమా అనే యువ పరిశోధక విద్యార్థి ఉండేవాడు. టైటానియం డయాక్సైడ్ పలుకును నీటిలో ఉంచి, తీగతో ప్లాటినానికి కలిపి, దాని మీద కాంతిని ప్రసరింపజేసినప్పుడు బుడగలు లేచినవి. ఒకవైపు ఆక్సిజన్, ప్లాటినం వైపు హైడ్రోజన్. 1972లో వారిద్దరి వ్యాసం 'నేచర్' పత్రికలో వెలువడినది. మరుసటి సంవత్సరమే ప్రపంచాన్ని చమురు సంక్షోభం చుట్టుముట్టడంతో అందరి దృష్టి ఆ బుడగల మీద పడినది.

మన ఉత్సవానికి ప్లాటినం పేరు ఉన్నది కాబట్టి ఒక్క మాట. ఆ ప్రయోగంలో ప్లాటినం కాంతిని మింగలేదు, తాను ఖర్చు కాలేదు. వచ్చిన ఎలక్ట్రాన్లు తేలికగా హైడ్రోజన్‌ను పుట్టించడానికి చోటిచ్చినది, అంతే. ఉపాధ్యాయుని పని కూడా అటువంటిదేనని నేను తలుస్తాను. 1998లో ఆ చోటు ఇవ్వకపోవడమే నేను చేసిన పొరపాటు.

అయితే 1972 నాటి విజయంలో ఒక చిక్కు ఉన్నది. టైటానియం డయాక్సైడ్ తెల్లని పదార్థం. మన గోడలకు వేసే తెల్ల పెయింటులో తెలుపునిచ్చేది అదే. తెల్లగా ఉన్నదంటే కంటికి కనిపించే కాంతిని మింగదన్న మాట. అది మింగేది అతినీలలోహిత కాంతిని మాత్రమే. ఎండ శక్తిలో అది నూటికి నాలుగైదు పాళ్ళే. మిగిలిన తొంభై అయిదు పాళ్ళూ దాని వాకిట ఆగకుండానే పోతున్నవి.

సరే, రంగు గల పదార్థాన్నే తీసుకుందాం. కాడ్మియం సల్ఫైడ్ చక్కని పసుపు రంగులో ఉంటుంది, కనిపించే కాంతిని మింగుతుంది. కాని నీటిలో ఎండ తగిలితే అద్దకపు నూలు వలెనే తానే కరిగి క్షీణిస్తుంది. పోనీ, తుప్పును తీసుకుందాం. ఇనుప ఆక్సైడు ఎర్రగా ఉంటుంది, చవక, ఎండకు చెడదు. కాని దానిలో పుట్టిన రంధ్రం కొద్ది నానోమీటర్ల దూరం నడిచేలోగానే నశిస్తుంది. పైగా హైడ్రోజన్‌ను పుట్టించడానికి దానికి బయటి నుండి కొంత విద్యుత్తు సాయం కూడా కావాలి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు.

ఇక్కడే 'నానో' అనే మాటకు అర్థం తెలుస్తుంది. కాంతిని బాగుగా మింగాలంటే పొర మందంగా, కొన్ని వందల నానోమీటర్లు ఉండాలి. రంధ్రం బ్రతికి నీటిని చేరాలంటే పొర పలుచగా, కొద్ది నానోమీటర్లే ఉండాలి. ఈ రెండూ ఎట్లా పొసగుతాయి? మగ్గం ఎరిగిన వారికి దీనిని వివరించడం కష్టం కాదు. పడుగు పోగులను నిలువుగా నిలబెట్టినట్లు, అతి సన్నని కడ్డీలను పక్కపక్కన నిలిపితే సరి. కాంతి పోగు పొడవునా దిగుతూ పూర్తిగా ఇంకుతుంది. రంధ్రం మాత్రం పోగు అడ్డం దాటితే చాలు, పక్కనే నీరున్నది. పొడవు కాంతికి, అడ్డం ఎలక్ట్రాన్లకు, రంధ్రాలకు.

మరొక లాభం ఉన్నది. ఒక సెంటీమీటరు ఘనాన్ని పది నానోమీటర్ల ఘనాలుగా కోస్తే, ఆరు చదరపు సెంటీమీటర్లున్న దాని ఉపరితలం ఆరువందల చదరపు మీటర్లవుతుంది. నీటిని తాకే చోటు అంతగా పెరుగుతుంది. అట్లాగని ఎంత చిన్నదైతే అంత మేలు అనుకోరాదు. మరీ చిన్నవైతే రంగు తగ్గి కాంతిని తక్కువ మింగుతాయి. ఉపరితలంలోని లోపాలలో ఎలక్ట్రాన్లు చిక్కుకొని నశిస్తాయి. అద్దకంలో పాళ్ళు కుదిరినట్లే ఇక్కడా కొలత కుదరాలి.

ఆ కొలత ఎంత బాగా కుదరగలదో 2020లో జపానుకు చెందిన డొమెన్, ఆయన సహచరులు చూపినారు. స్ట్రాన్షియం టైటనేట్‌లో కొద్దిపాటి అల్యూమినియం కలిపి, చక్కని ముఖాలు గల పలుకులుగా తయారుచేసినారు. ఎలక్ట్రాన్లు చేరే ముఖాల మీద రోడియం, క్రోమియంలను, రంధ్రాలు చేరే ముఖాల మీద కోబాల్టును అమర్చినారు. ఒకే ఇంటికి రావడానికొక గుమ్మం, పోవడానికొక గుమ్మం పెట్టినట్లయినది. ఒకదానికొకటి ఎదురుపడి నశించే బాధ తప్పినది. ఒక తరహా అతినీలలోహిత కాంతిలో, నూటికి తొంభై ఆరు ఫోటాన్ల వరకు నీటిని విడదీసే పనికి వినియోగపడినవి.

2021లో అదే బృందం ఈ పొడిని పూసిన పలకలను నూరు చదరపు మీటర్ల మేర ఆరుబయట పరచి, నెలల తరబడి నడిపినట్లు ప్రకటించినది. వెలువడిన హైడ్రోజన్, ఆక్సిజన్ల మిశ్రమం నిప్పు తగిలితే ప్రేలుతుంది. ఆ మిశ్రమం నుండి హైడ్రోజన్‌ను ఒక పొర గుండా వేరుచేసినారు. ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారినది ఎక్కువలో ఎక్కువ నూటికి 0.76 వంతు. తొంభై ఆరు ఎక్కడ, ముప్పాతిక ఎక్కడ అని మీరు ఆశ్చర్యపడవచ్చు. ఆ పదార్థం కూడా తెల్లనిదే! మింగిన కాంతిని చక్కగా వాడుకున్నది. కాని ఎండలో చాలా భాగాన్ని మింగనే లేదు.

ఈ అంకెకు అర్థమేమిటో మన ఆవరణకు అన్వయించి చూద్దాం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల స్థలం మీద మన ఊరి మంచి ఎండ రోజున సుమారు 550 యూనిట్ల శక్తి పడుతుంది. అందులో 0.76 వంతు అంటే నాలుగు యూనిట్ల పైచిలుకు. హైడ్రోజన్ రూపంలో సుమారు 125 గ్రాములు. అందుకు ఖర్చయ్యే నీరు ఒక లీటరుకు కొంచెం ఎక్కువ. మన వంట గ్యాసు సిలిండరులో ఉన్నంత శక్తి సమకూరడానికి నలభై రోజులకు పైగా పడుతుంది. అదే నూటికి పది వంతులు అయితే మూడు నాలుగు రోజులు చాలు. 2023లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయం వారు ఇండియం గాలియం నైట్రైడు నానో తీగలతో, కాంతిని కటకంతో కేంద్రీకరించి, నీటిని సుమారు 70 డిగ్రీల వేడిమిలో ఉంచి, ప్రయోగశాలలో 9.2 వంతులు సాధించినారు. ఆరుబయటి ఎండలో 6.2 వంతులు వచ్చినది. కాని ఆ పరికరం చిన్నది. చిన్నదానిని పెద్దది చేయడం, చవక చేయడం, ఏండ్ల తరబడి నిలపడం ఇంకా మిగిలి ఉన్న పనులు.

సౌరఫలకాలతో విద్యుత్తు చేసి, ఆ విద్యుత్తుతో నీటిని విడదీయవచ్చు కదా అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నేడు ఆ మార్గమే ఎక్కువ ఫలితమిస్తున్నది. మన దేశం 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్, 2030 నాటికి ఏటా యాభై లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకొని ఆ మార్గానికే ప్రాధాన్యమిచ్చినది. రెండు యంత్రాల పనిని ఒక్క పూత పూసిన పలకే చేయగలిగితే ఎంత చవకో అన్న ఆశతో రెండవ మార్గంలో పరిశోధన సాగుతున్నది. బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో సి.ఎన్.ఆర్. రావు గారి బృందం కూడా ఈ విషయంపై కృషి చేసినది. ఏ మార్గమైనా కిలో హైడ్రోజన్‌కు కనీసం తొమ్మిది లీటర్ల నీరు కావాలి. కుళాయి వంతు కోసం బిందెలు వరుసపెట్టి కూర్చునే మన ఊరివారికి ఆ లెక్క కూడా తెలిసి ఉండాలి. ఎండ మనకు కొదువ లేదు, నీరు కొదువ.

తల్లిదండ్రులారా, ఇప్పటివరకు మీరు విన్న విషయాన్ని తెలుగులోనే విన్నారు. ఇందులో ఇంగ్లీషు మాటలున్నవి, జపాను పేర్లున్నవి. కాని దాని సారమంతా రంగు, నూలు, పడుగు, మిద్దె, గుమ్మం అనే మాటలలో ఇమిడినది. పై చదువులకు ఇంగ్లీషు అవసరం లేదని నేననను. ఇంగ్లీషు నేర్పడంలో మా లోటుపాట్లు మేము సవరించుకోవలసి ఉన్నది. కాని ఆ అమ్మాయి ప్రశ్న ఏ పుస్తకంలో నుండీ పుట్టలేదు. తండ్రి ఇంట్లో మాట్లాడిన మాటలో నుండి పుట్టినది. ఇంటి మాట, బడి మాట ఒకటే అయినచోట అటువంటి ప్రశ్నలు పుడతాయి. వాటిని కూర్చోబెట్టకుండా చూడడం మా బాధ్యత.

అందుకే ఈ ఉత్సవ సంవత్సరం నుండి ప్రతి తరగతి గదిలో ఒక ప్రశ్నల పుస్తకం ఉంచుతున్నాం. పాఠంలో లేనివి, ఉపాధ్యాయునికి జవాబు తెలియనివి అందులో వ్రాస్తారు. "నాకు తెలియదు, తెలుసుకొని చెబుతాను" అని క్రింద సంతకం చేయడం ఉపాధ్యాయుని విధి. పూర్వ విద్యార్థులారా! మీలో ఇంజనీర్లున్నారు, వైద్యులున్నారు, అద్దకం పనివారున్నారు, నేతగాళ్ళున్నారు. భవనానికి విరాళమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఇకమీదట ఏడాదికి ఒక్కసారి వచ్చి, ఆ పుస్తకం తెరచి, ఒక్క ప్రశ్నకైనా జవాబు చెప్పి వెళ్ళండి.

ఎనిమిదవ తరగతి పుస్తకంలో మొదటి ప్రశ్నను నేనే నా చేతితో వ్రాసినాను. ఇరువది ఏడేండ్లు ఆలస్యంగా దాని క్రింద జవాబు కూడా వ్రాసినాను. "నీటికి రంగు లేదు కనుక" అని. దాని ప్రక్కన కొంత చోటు ఖాళీగా వదిలినాను. రంగు గలది, వెలిసిపోనిది, చవకైనది అయిన ఆ మధ్యవర్తి పేరు ఇంకా ఎవరూ పూరించలేదు. ఆ అమ్మాయికి కబురు పంపినాను. కుమారునితో కలిసి వచ్చి చూసిపొమ్మన్నాను.